ఉచ్చీరప్ప తెచ్చిన ఒకే ఒక్క బిల్లు

మొన్న పత్రికలో పెద్ద అక్షరాలతో వేశారు. ఆడపిల్లలను దేవుడి పేరు చెప్పి విడిచిపెట్టే ఆచారాన్ని మాన్పిస్తూ చెన్నపట్నం శాసనసభ చట్టం చేసిందట. దానికోసం పాటుపడ్డ పెద్దల పేర్లు వరసగా ఉన్నాయి. మా ఆదోని బజారులో జనం ఆ పత్రిక చదివి, మడిచి, దాంట్లోనే బొరుగులు పొట్లం కట్టించుకొని పోయారు. ఉచ్చీరప్ప పేరు అందులో లేదు. లేదని ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు గురురాజ. ఆదోనిలో పత్తి దలాలీ కొట్టు మాది. ఉచ్చీరప్పది పెద్దకడుబూరు పక్కన ఒక పల్లె. నల్లరేగడి చేను, రెండెడ్ల సేద్యం. ఏటా పత్తి బండి కట్టుకొని మా కొట్టుకే వచ్చేవాడు. తూకంలో తేడా కనిపిస్తే మిగతావాళ్లలా మా అమ్మను, ఆలిని తిట్టేవాడు కాదు. పత్తి బోరెం, అదే గోనెసంచి, కిందికి దించి, "ఇంగోతూరి తూయి సెట్టీ" అని చేతులు కట్టుకొని నిలబడేవాడు. ఆ నిలబడడం తిట్టుకన్నా పెద్దది. సారాయి అంగళ్ల ముందు పికెటింగు చేసి ఒకసారి జైలుకు కూడా పోయివచ్చాడు.

అలాంటి మనిషికి ఎమ్మెల్యే టిక్కెట్టు ఎలా వచ్చిందని అడుగుతారు. ముప్పైయేడు ఎన్నికల్లో ఈ టిక్కెట్టు కోసం ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకు చచ్చారు. నాకు రాకపోయినా సరే, వాడికి మాత్రం రాకూడదని ఇద్దరికీ పంతం. చివరికి ఎవరికీ అడ్డం రాని మనిషి కావాలి గనుక, నోట్లో నాలుక లేని ఉచ్చీరప్ప పేరు రాశారు. జనం గాంధీ పేరు చూసి ఓట్లేశారు. ఉచ్చీరప్ప కొత్త అంగీ కుట్టించుకొని చెన్నపట్నం రైలెక్కాడు.

అక్కడ ఏం చేశాడంటే, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తాడు. దించమన్నప్పుడు దించాడు. సభంతా ఇంగ్లీషు. ఆయనకు తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదవడమే వచ్చు. రైతుల అప్పుల బాధ తగ్గించే బిల్లుకు ఎందుకో తెలిసే ఎత్తాడు. గుళ్లలోకి అందరినీ రానివ్వాలన్నదానికి సంతోషంగా ఎత్తాడు. అమ్మకం పన్ను వచ్చినప్పుడు కూడా ఎత్తాడు! నాకు ఆ రోజు కోపం నషాళానికి అంటింది. "మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మా నెత్తిన పన్ను పెడతావా?" అని కడిగేశాను. ఆయన తల గోక్కున్నాడు. "పార్టీవోళ్లు ఎత్తమన్నారు సెట్టీ. నేనొక్కన్నే దించితే బాగుంటాదా?" అన్నాడు. ఇంక ఆ మనిషిని ఏమని తిడతాం.

రెండేళ్లలో ఆ సభలో ఆయన సొంతంగా నోరు తెరిచింది ఒక్కసారే. సొంతంగా తెచ్చిన బిల్లూ ఒక్కటే. అది బసివి ఆచారం మాన్పించే బిల్లు.

ఆ ఆచారం ఈ వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు గాని, కృష్ణ ఒడ్డున చదివేవాళ్ల కోసం చెబుతాను. బోయవాళ్లలోను, ఇంకా కొన్ని కులాల్లోను మగపిల్లలు లేని ఇంట, ఒక్కోసారి మొక్కు ఉన్న ఇంట, ఒక ఆడపిల్లకు దేవుడి ముందు తాళి కట్టి బసివిగా విడుస్తారు. ఆమెకు ఇక పెళ్లి లేదు, అత్తగారిల్లు లేదు. పుట్టినింటికి ఆమే కొడుకు. ఇష్టమైన మనిషితో ఉంటుంది. ఆమె పిల్లలు తాత ఇంటిపేరు చెప్పుకుంటారు, తాత చేను దున్నుకుంటారు. తండ్రి చనిపోతే సమాధిలో తొలి పిడికెడు మన్ను వేసేది ఆమే. దేవుడు మొగుడు గనుక ముండమోసే బాధ లేదు. అందుకే ఊళ్లో పెళ్లి జరిగితే పెళ్లికూతురి తాళికి నల్లపూసలు గుచ్చడానికి బసివిని పిలుస్తారు.

ఉచ్చీరప్ప తల్లి హనుమమ్మ అలాంటి బసివి. నాగప్ప అనే రైతుకు ఒక్కగానొక్క కూతురు. ఆ ఊళ్లో ఆమె నడిచివస్తుంటే మగవాళ్లు అరుగు దిగేవాళ్లు. ఒకసారి మా కొట్టు గుమాస్తా తెలియక, "మీ ఇంటాయన రాలేదా?" అని అడిగాడు. ఆమె ఇంత గొంతు పెట్టి, "ఇంటాయన నేనేరా! నాగప్ప కొడుకును నేను. పత్తి సూసుకో, నా మొగుని సంగతి నీకెందుకు?" అంది. కొట్టంతా గొల్లుమంది.

మరి అలాంటి తల్లి కడుపున పుట్టినవాడు ఆ ఆచారాన్ని ఎందుకు మాన్పించాలనుకున్నాడు? చెల్లెలి కోసం. ఉచ్చీరప్పకు పన్నెండేళ్లప్పుడు ఊళ్లను ఊడ్చిపెట్టిన విషజ్వరం పట్టుకుంది. బతకడనుకున్నారు. హనుమమ్మ దేవుడికి మొక్కుకుంది, వీడు బతికితే కూతురిని నీకే విడుస్తానని. వీడు బతికాడు. కూతురు ఈరమ్మకు ఈడు రాగానే తాళి కట్టించింది. తనకు జరిగినట్టే కూతురికీ జరుగుతుందనుకుంది పాపం. ఈరమ్మ తల్లిలా గొంతున్న పిల్ల కాదు. బళ్లారి నుంచి ఒక ఆసామి వచ్చి తీసుకుపోయాడు. కొన్నాళ్లకు ఇంకొకడికి అప్పజెప్పాడు. వాడు మరొకడికి. ఇరవై రెండేళ్లకు ఒళ్లంతా పుళ్లతో ఇల్లు చేరింది. పశువుల కొట్టంలో పడుకోబెట్టారు. ఉచ్చీరప్పే నీళ్లు పోసి కడిగేవాడు. "అన్నా, నిన్ను బతికించుకుండేకి నన్నిచ్చినారంట గదా" అని ఒకరోజు ఊరికే అడిగిందట. నిష్ఠూరంగా కూడా కాదు. ఆ వారమే పోయింది. ఈ మాట ఆయన నాతో చెప్పి ఎంత ఏడ్చాడో నాకు తెలుసు.

బిల్లును ఇంగ్లీషులో రాసిపెట్టింది మా ఆదోని వకీలు బాలకృష్ణయ్య. మంచివాడే, సంస్కరణ అంటే ప్రాణం పెట్టే మనిషి. రాసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. "చూడప్పా, బసివికి కొడుకు హక్కు ఉన్నంతకాలం తండ్రులకు ఆశ చావదు. ఈ ఆచారం వల్ల ఏ హక్కూ రాదని రాస్తేనే ఇది చచ్చేది" అన్నాడు. ఉచ్చీరప్ప మాత్రం, "ఇప్పుడుండేవాళ్ల గతేంది సామీ? మా యమ్మ ఉండాది కదా" అన్నాడు. "చట్టం ముందుకు పోతుంది గాని వెనక్కి పోదు. మీ అమ్మకు ఏమీ కాదు" అన్నాడు వకీలు. అందులో తప్పులేదు. కానీ బిల్లుకు ముందు కారణాలు రాయాలట. ఇది ఆచారమే కాదనీ, దేవుడి పేరుతో జరిగే వ్యభిచారమనీ, ఆ ఆడవాళ్ల బతుకు పడుపు బతుకనీ ఇంగ్లీషులో దంచి రాశాడు. తెలుగులో చదివి వినిపించాడు కూడా. ఉచ్చీరప్ప ఈరమ్మను తలుచుకుంటూ విన్నాడు. తల్లిని తలుచుకుంటూ వినలేదు. సంతకం పెట్టాడు.

బయటికి వచ్చాక, "మీ అమ్మకు చెప్పినావా?" అని అడిగాను.

"సట్టం కానీలే సెట్టీ, అప్పుడు సెప్తా. ఇప్పుడు సెప్తే అన్నం మానేస్తాది."

"ముందు చెప్పు. ఊరివాళ్ల నోట విననీయకు" అని చెవినిల్లు కట్టుకొని పోరాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

ముప్పైతొమ్మిది మొదట్లో బిల్లు పెట్టాడు. తెలుగులో మాట్లాడతానని సభలో లేచి నిలబడ్డాడు. మాట్లాడింది నాలుగు మాటలే. "మా సెల్లెలు పేరు ఈరమ్మ. దేవునికని ఇడిసినారు. దేవుడు ముట్టలేదు, మనుషులు తినేసినారు. ఇంగ ఏ ఆడబిడ్డనూ ఇట్ల ఇడవకుండా సెయ్యండి." అంతే, కూర్చున్నాడు. సభంతా బల్లలు చరిచిందట. బిల్లు మీద జిల్లాల్లో అభిప్రాయాలు కనుక్కోవాలన్నారు. ఆ కాగితాలు తిరుగుతుండగానే యుద్ధం వచ్చింది. ఆ అక్టోబరులో కాంగ్రెసువాళ్లు గద్దె దిగిపోయారు. సభకు తాళం పడింది. ఉచ్చీరప్ప బిల్లు పురిట్లోనే పోయింది.

బిల్లు పోయింది గాని అచ్చయిన మాట ఎక్కడికి పోతుంది? కారణాలన్నీ గెజిట్టులో పడ్డాయి. ఉపన్యాసం తెలుగు పత్రికలో పడింది. నాగప్ప తమ్ముడి కొడుకు గిడ్డయ్య వాటిని పట్టుకొని ఊరంతా చదివించాడు. ఆ గిడ్డయ్యకు నాగప్ప చేను మీద ఎప్పటినుంచో కన్ను. బసివి ఆచారం అడ్డముండి నోరు మూసుకొని ఉన్నాడు. ఇప్పుడు అవతలివాడే తాళం తీసి ఇచ్చినట్టయింది.

హనుమమ్మకు సంగతి ఎలా తెలిసిందో తెలుసా? ఊళ్లో పెళ్లయింది, ఆమెను పిలవలేదు. బొట్టు పెట్టుకొని, చీర మార్చుకొని, పొద్దెక్కేదాకా గడపలో కూర్చుందట. మంగళవాద్యాలు వినిపించాక పక్కింటామెను అడిగింది. ఆమె నీళ్లు నమిలి, చెప్పేసింది. ఉచ్చీరప్ప చేని నుంచి వచ్చేసరికి తల్లి ఇంటిముందు నిలబడి ఉంది.

"ఒరే ఉచ్చీరా, నన్ను ఏమని రాసినావురా ఆడ?"

"నిన్ను కాదుమ్మా. ఆచారాన్ని..."

"ఆచారం యాడుంటాది రా, సెట్టు మింద ఉంటాదా? నేనే కదరా ఆచారం! లంజనని రాయిస్తివా? నీ చేత్తోనే?"

ఆయన కాళ్ల మీద పడ్డాడు. ఆమె కాళ్లు లాక్కుంది.

నలభైలో గిడ్డయ్య దావా వేశాడు. పంచుకోని ఉమ్మడి ఆస్తిలో హనుమమ్మ ఉత్త ఆడపిల్లే గాని కొడుకు కాదు, బసివి ఆచారం చెల్లదు, కాబట్టి చేను, ఇల్లు దాయాదినైన నావి అని. హనుమమ్మ తరఫున బాలకృష్ణయ్యే నిలబడ్డాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆయనకూ తెలిసింది, ముఖం నల్లబడి ఉన్నాడు. ఆదోనిలో విచారణ రోజున నన్నూ రమ్మన్నాడు. బయట వేపచెట్టు కింద ఉచ్చీరప్పను కూర్చోబెట్టి చెప్పాడు.

"అవినీతి మీద నిలబడిన ఆచారాన్ని కోర్టు ఒప్పుకోదప్పా. నీ మాటలే వాళ్ల చేతిలో ఉన్నాయి. అడిగితే ఒక్కటే చెప్పు. ఇంగ్లీషు నాకు తెలియదు, వకీలు రాశాడు, సంతకం పెట్టానని చెప్పు. నా పేరు పోతే పోనీ."

"మరి తెలుగులో నేను మాట్లాడింది?"

"అది పార్టీవాళ్లు మాట్లాడమన్నారని చెప్పు. నిజం కాదని చెప్పు."

నేను కూడా బతిమాలాను. "ఒక్క అబద్ధం, ఉచ్చీరప్పా. మీ అమ్మ ఇల్లు నిలుస్తుంది. వాళ్లు చెయ్యెత్తమంటే రెండేళ్లు ఎత్తలేదా? ఇదీ అట్లాంటిదే అనుకో." హనుమమ్మ దూరంగా మెట్ల మీద, వీపు మాకు పెట్టి కూర్చుని ఉంది.

లోపల గిడ్డయ్య తరఫు వకీలు మొదట గెజిట్టు చూపించాడు. ఉచ్చీరప్ప బాలకృష్ణయ్య చెప్పినట్టే, ఇంగ్లీషు తనకు రాదన్నాడు. మేం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడా వకీలు తెలుగు పత్రిక తీసి, నెమ్మదిగా చదివాడు. మా సెల్లెలు పేరు ఈరమ్మ. దేవునికని ఇడిసినారు. దేవుడు ముట్టలేదు, మనుషులు తినేసినారు.

"ఇది మీరు మాట్లాడిందేనా?"

"నేనే మాట్లాడినా."

"నిజమా, అబద్ధమా?"

ఉచ్చీరప్ప తల్లి వైపు చూశాడు. ఆమె కళ్లు ఆయన మీదనే ఉన్నాయి. ఆమె చూపులో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. హనుమమ్మ ఒకరిని బతిమాలుకోగా నేను చూడడం అదే మొదలు. అబద్ధమను స్వామీ, అబద్ధమను అని లోపల్లోపల మొక్కుకున్నాను.

"చెప్పండి. మీ చెల్లెలి సంగతి నిజమా, అబద్ధమా?"

"ఆ పుళ్లు నేనే కడిగినా సామీ" అన్నాడు ఉచ్చీరప్ప. "అబద్ధమని యా నోటితో సెప్పాల? నిజమే."

అంతటితో అయిపోయింది. ఆచారాన్ని నిలబెట్టవలసిన ముఖ్యమైన సాక్షే అది పాడు ఆచారమని ఒప్పుకున్నాక ఇంకేముంది? నలభైయొకటిలో తీర్పు వచ్చింది. చేను, ఇల్లు గిడ్డయ్యకు పోయాయి.

ఎమ్మిగనూరులో మాకు తెలిసిన సాలెవారి ఇల్లు ఉంది, లక్ష్మక్క అనే ఆమెది. పెరటి గది ఇప్పించాను. ఉచ్చీరప్ప నూలు మూటలు మోసేవాడు. హనుమమ్మ లక్ష్మక్క మగ్గానికి కండెలు చుట్టేది. పత్తి పండించిన చేతులు, ఎవరి నూలో చుట్టాయి. కొడుకుకు వేళకు సంగటి పెట్టేది, నీళ్లు తోడేది, జ్వరం వస్తే కషాయం కాచేది. మాట్లాడేది మాత్రం కాదు. ఒక గదిలో ఇద్దరూ నాలుగేళ్లు అట్లా ఉన్నారు. నేను పోయినప్పుడల్లా ఆయన నాతో గలగలా మాట్లాడేవాడు, ఆమెకు వినపడాలని. ఆమె కండె చుట్టుకుంటూ ఉండేది. ఆ గదిలో పావుగంట కూర్చోవడం నావల్ల అయ్యేది కాదు. మళ్లీ ఎన్నికలు వస్తాయని మాట వచ్చింది. కోర్టులో తల్లినే ఓడించిన మనిషికి టిక్కెట్టేమిటని అప్పటికే పార్టీలో అనుకున్నారు. చెప్పుకోవడానికి అదొక మర్యాదైన కారణం, అసలు ఆయనతో వాళ్ల అవసరం తీరిపోయింది.

నలభైయైదు ఎండాకాలంలో హనుమమ్మ మంచం పట్టింది. లక్ష్మక్క కబురు పెడితే నేను పోయాను. ఆమె ఎముకల గూడై ఉంది. కొడుకు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నేను పోయిన రోజు సాయంత్రం ఆమె నోరు విప్పింది.

"ఉచ్చీరా."

ఆయన ఉలిక్కిపడి దగ్గరికి జరిగాడు.

"నువ్వు సెప్పింది నిజమేరా. దాన్ని ఇడిసింది నేనే. నిజమని నాకు నీకంటే ముందే తెలుసు. అందుకే నీతో మాట్లాడలేకపోయినా."

"అమ్మా..."

"నన్ను మా నాయన పక్కన పండబెట్టు. మన్ను నువ్వే ఎయ్యల్ల. ఇంగెవురూ వద్దు."

ఉచ్చీరప్ప ఎక్కిళ్లు పెడుతూ సరేనన్నాడు. తెల్లారేసరికి ఆమె లేదు.

నాగప్ప సమాధి చేనిలో ఉంది. చేను గిడ్డయ్యది. శవాన్ని బండిలో వేసుకొని పల్లెకు పోయాం. గిడ్డయ్య కులపెద్దలను వెంటబెట్టుకొని చేని మొదట్లోనే నిలబడి ఉన్నాడు. అక్క పోయిందని ఏడుపు ముఖం కూడా పెట్టాడు, నీచుడు.

"అక్కను ఈడ పెట్టద్దని నేననను. మా పెద్దనాయన కూతురే కదా. జాగా ఇస్తా. ఐతే మన్ను దాయాది ఎయ్యల్ల. ఈయన మా వంశం కాదని కోర్టే సెప్పింది. ఈయన సాచ్చెం మిందనే సెప్పింది. గట్టు దాటి సేన్లోకి రాకూడదు."

నేను ఆపుకోలేకపోయాను. "కన్న కొడుకురా! నీ నోట్లో మన్ను పడ! శవాన్ని ముందు పెట్టుకొని బేరమాడతావా?" అని మీదికి పోయాను. పెద్దలు పట్టుకున్నారు. ఒక ముసలాయన మెత్తగా, "తీర్పు తీర్పే కదా సెట్టీ" అన్నాడు. ఉచ్చీరప్ప వైపు తిరిగి, "ఏమంటావప్పా? లేదంటే ఊరి బయట వంక ఇసకలో నువ్వే పూడ్సుకో, ఎవురూ అడ్డం రారు" అన్నాడు.

తండ్రి పక్కన పడుకోబెట్టాలంటే ఆయన చేతి మన్ను లేదు. ఆయన మన్ను వేయాలంటే తండ్రి పక్కన చోటు లేదు. తల్లి అడిగిన రెండింటిలో ఒకటే ఇవ్వగలడు. ఎండలో శవం ఉంది, ఈగలు ముసురుతున్నాయి. ఉచ్చీరప్ప తల్లి ముఖం మీది గుడ్డ సరిచేశాడు.

"వాళ్ల నాయన పక్కననే పెట్టండి" అన్నాడు.

గట్టు మీద నిలబడ్డాం ఇద్దరం. చేను దుక్కి చేసి ఉంది, నల్లగా. గుంతలోకి దించడం అక్కడినుంచి కనబడింది. గిడ్డయ్య వంగి, పిడికెడు మన్ను తీసి వేశాడు. ఉచ్చీరప్ప చెయ్యి తెలియకుండానే ముందుకు లేచి, గాలిలో ఆగిపోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"సెట్టీ" అన్నాడు. "కోర్టులో నేను సెప్పింది నిజమే కదప్పా?"

"నిజమే."

"మా యమ్మ కూడా నిజమేననె కదా?"

"అనింది."

"మరి మా యమ్మ మింద మన్ను వాడెందుకేస్తాండాడు?"

గిడ్డయ్య కాళ్లూ చేతులూ కడుక్కొని ఊళ్లోకి పోయేదాకా మేం ఆ గట్టు మీదనే నిలబడ్డాం.